ఆస్ట్రేలియాలో పిల్లల మీద క్రిమినల్ కేసు పడితే: వరంగల్‌లో ఉన్న ఇంటివాళ్లు చేయాల్సిన పనులు

ఫోన్ పెట్టేసిన వెంటనే ఇంట్లో అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఒకటే: "అక్కడ మనకు తెలిసినవాళ్లు ఎవరున్నారు?" హన్మకొండలోనైనా కరీంనగర్‌లోనైనా ఠాణా మెట్లెక్కే ముందు మనం వెతికేది అదే కాబట్టి ఆ ఆలోచన సహజం. ఆస్ట్రేలియా కేసులో మాత్రం ఆ వెతుకులాటకు పోయిన ప్రతి గంటా నష్టమే. అక్కడ పైరవీ నడవదు. నడిపించబోతే అదే ఇంకో కేసు అవుతుంది.

అయినా ఇక్కడ కూర్చుని చేయగలిగిన పనులు చాలానే ఉన్నాయి. వాటికి ఒక వరస ఉంది. లాయర్‌తో మాట్లాడకముందు పోలీసులకు వాంగ్మూలం ఇవ్వొద్దు. ఏం జరిగిందో పోలీసులు తమ మాటల్లో రాసిన ఫ్యాక్ట్స్ షీట్ చదవకముందు తప్పు ఒప్పుకోవద్దు. వీసా మీద సలహా తీసుకోకముందు కోర్టులో గిల్టీ అనొద్దు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తారుమారైనా తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

మొదటి గంటలు

మీరు ముందుగా తెలుసుకోవాల్సింది నాలుగు సంగతులు: ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్, చార్జ్ చేశారా లేక ప్రశ్నించడానికే తీసుకెళ్లారా, కోర్టు తేదీ ఎప్పుడు. రాష్ట్రం ఎందుకంటే ఆస్ట్రేలియాలో ఆరు రాష్ట్రాలు, రెండు ప్రధాన టెరిటరీలు ఉన్నాయి, దేనికదే సొంత క్రిమినల్ చట్టం ఉంది. మెల్‌బోర్న్‌లో ఉన్న స్నేహితుడి కేసులో జరిగింది సిడ్నీలో ఉన్న మీ అబ్బాయి కేసులో జరగాలని లేదు. డ్రగ్స్ దిగుమతి లాంటివి మాత్రం ఫెడరల్ నేరాలు, వాటికి దేశమంతా ఒకే చట్టం. ఇక్కడ చెప్పే వివరాలు ఎక్కువగా సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌వి. విక్టోరియా తేడాగా ఉన్నచోట చెప్తాం.

పిల్లలకు చెప్పాల్సిన మాట చిన్నది. పేరు, అడ్రసు అడిగితే ఇవ్వాలి. అంతకు మించి ఏం అడిగినా, "లాయర్‌తో మాట్లాడాక చెప్తాను" అనాలి. మర్యాదగా, ప్రతి ప్రశ్నకూ అదే మాట. మౌనంగా ఉండే హక్కు అక్కడ నిజంగా పనిచేసే హక్కు. మన పిల్లలు చేసే తప్పు ఏంటంటే, సహకరిస్తే వదిలేస్తారనుకుని వీడియో రికార్డింగ్ ముందు గంటసేపు మాట్లాడతారు. సగం అర్థమైన ఇంగ్లీషు ప్రశ్నకు "యస్, యస్" అంటారు. మనకు అది "వింటున్నాను" అనే అర్థంలో వచ్చే ఊతపదం. టైపు చేసిన కాగితంలో అది ఒప్పుకోలుగా కనిపిస్తుంది.

దుబాసీని అడగడానికి సిగ్గుపడొద్దు. పీఆర్ (శాశ్వత నివాసం) పాయింట్ల కోసం పిల్లలు రాసే 'నాటి' (NAATI) పరీక్ష తెలుసు కదా, ఆ సంస్థ గుర్తింపు ఇచ్చిన తెలుగు దుబాసీలు ఉన్నారు. క్రిమినల్ కేసులో అవసరమైతే కోర్టు తన ఖర్చుతోనే ఏర్పాటు చేస్తుంది. ఇంగ్లీషులో ఎంటెక్ చదివినవాళ్లు కూడా అడగొచ్చు. చదువుకునే ఇంగ్లీషు వేరు, పోలీసు ప్రశ్నల ఇంగ్లీషు వేరు.

న్యూ సౌత్ వేల్స్‌లో అరెస్టు తర్వాత విచారణకు పోలీసులకు మామూలుగా దొరికేది 6 గంటలు. ఇంకో 6 గంటలు కావాలంటే వారెంటు తేవాలి. లాయర్ కోసం ఆగడం, ప్రయాణం లాంటి వాటికి పట్టే సమయం ఈ లెక్కలో పడదు, కాబట్టి గడియారం చూసి కంగారుపడొద్దు. స్టేషన్‌లో ఉన్నవాళ్లకు లాయర్‌కు, ఇంటివాళ్లకు లేదా స్నేహితుడికి, విదేశీయులైతే తమ దేశ కాన్సులేట్‌కు కబురు చేసే హక్కు ఉంది.

మీరు ఫోన్ చేస్తే పోలీసులు మీకు వివరాలు చెప్పరు. పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి విషయం తల్లిదండ్రులకైనా చెప్పకూడదనేది అక్కడి పద్ధతి. లాయర్ కూడా చెప్పరు, ఫీజు మీరే కడుతున్నా సరే. "మా అమ్మానాన్నలతో కేసు విషయం మాట్లాడొచ్చు" అని మీ బిడ్డ రాసిచ్చిన అనుమతి ఉంటేనే మాట్లాడతారు. మొదటి రోజే ఆ కాగితం రాయించండి, తర్వాతి గొడవలు సగం తగ్గుతాయి.

భారత హైకమిషన్ కాన్బెర్రాలో ఉంది. సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, బ్రిస్బేన్‌లలో కాన్సులేట్లున్నాయి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచే ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోవచ్చు. కాన్సులేట్ వాళ్లు జైలుకెళ్లి కలవగలరు, లాయర్ల జాబితా ఇవ్వగలరు, మీకు కబురు చేరవేయగలరు. కోర్టులో వాదించలేరు, కేసు కొట్టేయించలేరు. ఎమ్మెల్యే గారి ఉత్తరం పట్టుకొచ్చినా ఈ హద్దు మారదు.

లాయర్, డబ్బు

మొదటి పేషీకి ప్రైవేటు లాయర్ దొరక్కపోతే భయపడక్కర్లేదు. చాలా కోర్టుల్లో లీగల్ ఎయిడ్ డ్యూటీ లాయర్ ఉంటారు. పొద్దున్నే వెళ్లి పేరు రాయించుకోవాలి. న్యూ సౌత్ వేల్స్‌లో సలహాకు లాయాక్సెస్ నంబరు 1300 888 529, విక్టోరియా లీగల్ ఎయిడ్ 1300 792 387. తెలుగులో మాట్లాడాలంటే ముందు 131 450కి చేసి దుబాసీని లైన్లోకి తీసుకోవాలి. ఈ నంబర్లు ఆస్ట్రేలియా లోపల వాడేవి, ఇక్కడి నుంచి కలవకపోవచ్చు, పిల్లలతోనే చేయించండి. పెద్ద కేసులో లాయర్ లేకుండా విచారణ నడపడం గురించి అక్కడి హైకోర్టు 1992లో డీట్రిచ్ కేసులో చెప్పిన మాట ఇప్పటికీ అమల్లో ఉంది: తన తప్పు లేకుండా లాయర్‌ను పెట్టుకోలేని ముద్దాయి విచారణ అన్యాయంగా మారేట్టు ఉంటే కోర్టు దాన్ని ఆపాలి. ఆస్ట్రేలియాలో హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు స్థాయిది, దేశానికి ఒక్కటే.

ప్రైవేటు లాయర్‌ను పెట్టుకుంటే ఫీజు ఒప్పందం రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్క పేషీకా, తప్పు ఒప్పుకుని శిక్ష పడేదాకానా, పూర్తి విచారణకా, స్పష్టంగా ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారా లాయర్ ట్రస్ట్ అకౌంటుకే (క్లయింట్ల డబ్బు విడిగా ఉంచే ఖాతా) పంపండి, మధ్యవర్తి చేతికి ఇవ్వొద్దు. వీసా సంగతికి వేరే మనిషి కావాలి: ఇమిగ్రేషన్ చట్టం తెలిసిన లాయర్ లేదా మారా (వీసా ఏజెంట్లను నమోదు చేసే సంస్థ) నంబరు ఉన్న ఏజెంటు. అడ్మిషన్ ఇప్పించిన కన్సల్టెన్సీ ఈ పనికి సరిపోదు.

బెయిల్: ఒక్క అవకాశమే అనుకుని సిద్ధపడండి

చిన్న కేసుల్లో పోలీసులే బెయిలిచ్చి, కోర్టు తేదీ వేసిన కాగితం చేతికిచ్చి పంపుతారు. వాళ్లు కాదంటే వీలైనంత త్వరగా మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. న్యూ సౌత్ వేల్స్ 2013 బెయిల్ చట్టం ప్రకారం చూసేది ప్రధానంగా నాలుగు ప్రమాదాలు: పేషీకి రాకుండా పోతాడా, పెద్ద నేరం చేస్తాడా, ఎవరికైనా హాని చేస్తాడా, సాక్షుల జోలికి పోతాడా. కొన్ని తీవ్రమైన నేరాల్లో తనను ఎందుకు లోపల ఉంచకూడదో ముద్దాయే చూపించాలి.

పరదేశి పిల్లలకు బరువయ్యేది మొదటి ప్రశ్న. సొంత ఇల్లు లేదు, కుటుంబం లేదు, పాస్‌పోర్టు జేబులో ఉంది. చట్టం అందరికీ ఒకటే అయినా, ఇది వాళ్లకు ఎదురుగాలి. దాన్ని తట్టుకునేది కాగితాలే: ఉండబోయే ఇంటి అడ్రసు, ఆ ఇంటివాళ్ల ఒప్పుకోలు ఉత్తరం, యూనివర్సిటీ హాజరు, ఉద్యోగ పత్రం, పాస్‌పోర్టు కోర్టుకు అప్పగిస్తామన్న మాట, అక్కడే నివాసముండి జమానతు ఇవ్వగల మనిషి. భార్యాభర్తల కేసైతే ఆ అడ్రసు భార్య ఉన్న ఇల్లు కాకూడదు. అర్ధరాత్రి అరెస్టైన కేసుల్లో బెయిల్ ఆగిపోవడానికి మామూలు కారణం ఇదే: వేరే అడ్రసు ఎవరూ సిద్ధం చేయకపోవడం.

ఒకసారి కోర్టు బెయిల్ కాదన్నాక అదే కోర్టులో మళ్లీ అడగాలంటే కొత్త కారణం కావాలి: మొదటిసారి లాయర్ లేకపోవడమో, కొత్త సమాచారమో, పరిస్థితి మారడమో. అందుకని కాగితాలు లేకుండా తొందరపడి అడగడం కంటే ఒక రోజు వాయిదా తీసుకోవడం మేలని లాయర్ అంటే వినండి. అది నిర్లక్ష్యం కాదు.

బెయిల్ మీద ఉన్న పిల్లవాడికి "ఏదో ఒకటి చేసి ఇంటికొచ్చెయ్ నాయనా" అని మాత్రం చెప్పొద్దు. కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయకూడదు, అంతర్జాతీయ విమానాశ్రయం దరిదాపులకు పోకూడదు అని షరతులు ఉంటాయి. పేషీకి రాకపోవడం వేరే నేరం. రెండు దేశాల మధ్య 2008లో సంతకాలైన నేరస్థుల అప్పగింత ఒప్పందం కూడా ఉంది.

రిమాండ్‌లో ఉంటే జైలు ఫోన్ కాల్స్ రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదనుకోవద్దు, తర్జుమా చేయించి కోర్టులో పెడతారు. తిన్నావా, నిద్రపోతున్నావా, లాయర్ వచ్చాడా, అంతవరకే మాట్లాడండి.

పేషీ రోజు

కింది కోర్టు పేరు న్యూ సౌత్ వేల్స్‌లో లోకల్ కోర్ట్, విక్టోరియాలో మెజిస్ట్రేట్స్ కోర్ట్. ఎక్కువ కేసులు అక్కడే మొదలై అక్కడే ముగుస్తాయి, జ్యూరీ ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ అక్కడ ఒక నేరానికి వేయగలిగే గరిష్ఠ శిక్ష సాధారణంగా 2 ఏళ్లు, అన్నీ కలిపి 5 ఏళ్లు. ఇంకా పెద్దవి డిస్ట్రిక్ట్ లేదా కౌంటీ కోర్టుకు, హత్య లాంటివి ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకు పోతాయి. అక్కడ 12 మంది మామూలు పౌరుల జ్యూరీ తేలుస్తుంది, శిక్ష జడ్జి వేస్తారు.

సిడ్నీలో ఉదయం 9:30కు పేషీ అంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు మొదటి ఆదివారం దాకా మనకు తెల్లవారుజామున 5 గంటలు. మిగతా నెలల్లో వాళ్లు గడియారం ముందుకు జరుపుతారు కాబట్టి 4 గంటలు. బ్రిస్బేన్‌లో ఎప్పుడూ 5 గంటలే, పెర్త్‌లో 7. ఆ సమయంలో ఫోన్ చేసి వాళ్లను కంగారు పెట్టొద్దు. ఫోన్ సైలెంట్‌లో ఉండాలి, కోర్టు హాల్లో రికార్డు చేయడం నేరం. పేరు పిలిచినప్పుడు లేచి ముందుకు రావాలి, మెజిస్ట్రేట్‌ను "యువర్ ఆనర్" అనాలి, లోపలికి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ బెంచి వైపు తల వంచాలి. మొదటి పేషీ రెండు మూడు నిమిషాల్లో అయిపోయి వాయిదా పడొచ్చు. అది చెడు సూచన కాదు, కాగితాలు తెప్పించుకోవడానికి లాయర్ అడిగే గడువది. అసలు వెళ్లకపోతే మాత్రం ముద్దాయి లేకుండానే తీర్పు చెప్పొచ్చు, లేదా వారెంటు ఇవ్వొచ్చు.

ఫ్యాక్ట్స్ షీట్

గిల్టీ అని ఒప్పుకుంటే సాక్షులను పిలవరు. పోలీసులు రాసిన ఒకటి రెండు పేజీల ఫ్యాక్ట్స్ షీట్ చదివి మెజిస్ట్రేట్ శిక్ష వేస్తారు. అంటే ఆ కాగితంలో ఉన్నదంతా మీ బిడ్డ ఒప్పుకున్నట్టే. అందుకే ప్రతి వాక్యం వేలు పెట్టి చదవాలి. "భుజం పట్టుకుని తోశాడు" అనేది ఒక నేరం. "గొంతు పట్టుకున్నాడు" అని ఉంటే అది న్యూ సౌత్ వేల్స్‌లో వేరే, చాలా బరువైన నేరం వైపు పోతుంది. జరగనిది అందులో ఉంటే లాయర్ ప్రాసిక్యూషన్‌కు రాసి ఆ వాక్యం తీయించొచ్చు, చార్జ్ తగ్గించమనీ అడగొచ్చు. ఇది లంచం కాదు, రాజీ కాదు, రోజూ జరిగే చట్టబద్ధమైన పని. ఒప్పందం కుదరకపోతే ఆ ఒక్క విషయం మీదే విచారణ పెట్టమని అడిగే దారి కూడా ఉంది.

నిజంగా తప్పు చేసి ఉంటే తొందరగా ఒప్పుకోవడం వల్ల లాభం లెక్కలోనే కనిపిస్తుంది. న్యూ సౌత్ వేల్స్‌లో పై కోర్టుకు పోయే రాష్ట్ర నేరాల్లో, కేసు ఇంకా కింది కోర్టులో ఉండగానే ఒప్పుకుంటే శిక్షలో 25 శాతం తగ్గింపు. ట్రయల్‌కు 14 రోజుల ముందు దాకా 10 శాతం, ఆ తర్వాత 5 శాతం. చేయని తప్పు మాత్రం "ఫైన్ కట్టి బయటపడదాం" అని ఒప్పుకోవద్దు. ఎందుకో వీసా దగ్గర తెలుస్తుంది.

భార్యాభర్తల కేసు

మన ఇళ్లలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిలబడి చెప్పాలి. ఇక్కడ భార్యాభర్తల గొడవ ఠాణాకు పోతే పెద్దమనుషులు కూర్చుంటారు, రెండు వైపులవాళ్లూ సంతకాలు పెడతారు, ఫిర్యాదు వాపస్ అవుతుంది. అక్కడ ఫిర్యాదు చేసిన భార్య కేసుకు యజమాని కాదు. కేసు నడిపేది పోలీసులు. ఆమె "నాకొద్దు" అన్నా వాళ్లు నడపగలరు.

అరెస్టుతో పాటు రక్షణ ఆర్డరు వస్తుంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఏడీవీఓ అంటారు, విక్టోరియాలో ఇంటర్వెన్షన్ ఆర్డర్. ఆర్డరు ఉండటం నేరం కాదు, దాన్ని మీరడం నేరం. న్యూ సౌత్ వేల్స్‌లో మామూలు ఉల్లంఘనకే 2 ఏళ్ల దాకా జైలు లేదా 5,500 డాలర్ల దాకా జరిమానా, లేదా రెండూ. "మాట్లాడకూడదు" అని షరతు ఉంటే వాట్సాప్ మెసేజీ, స్నేహితుడి ద్వారా కబురు, వరంగల్ నుంచి ఆమె అత్తగారు చేసే ఫోన్ కూడా దాని కిందికే వస్తాయి. భార్యే ఫోన్ చేసి రమ్మన్నా, అతను వెళ్తే ఉల్లంఘన అతనిదే. ఆర్డరు మార్చాల్సింది కోర్టు.

అమ్మాయి పుట్టింటికి వెళ్లి "కేసు తీయించండి" అని అడగడం ఇక్కడ మర్యాద పనిలా అనిపించొచ్చు. అక్కడి కంటికి అది సాక్షిని ఒత్తిడి చేయడం. న్యాయప్రక్రియకు అడ్డుపడటం అనే నేరానికి న్యూ సౌత్ వేల్స్‌లో గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు. మీ మెసేజీ స్క్రీన్‌షాట్ కోర్టుకు చేరితే మొదట పోయేది మీ అబ్బాయి బెయిలే. ఆ అమ్మాయి ఫొటో, పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం దానికి తీసిపోదు.

దెబ్బలు లేకపోయినా కేసు ఉండొచ్చు. డబ్బు చేతికివ్వకపోవడం, ఫోన్ తీసుకోవడం, ఎవరితోనూ మాట్లాడనివ్వకపోవడం, ఇలా మనిషిని గుప్పిట్లో పెట్టుకునే వరస ప్రవర్తన 2024 జులై 1 నుంచి న్యూ సౌత్ వేల్స్‌లో నేరం. గరిష్ఠం 7 ఏళ్లు.

దెబ్బలు తిన్నది మీ కూతురైతే, "సర్దుకుపో" అనొద్దు. ప్రమాదంలో ఉంటే 000, సలహాకు 1800 737 732, రెండూ రాత్రీ పగలూ పనిచేస్తాయి. పార్ట్‌నర్ వీసా మీద ఉన్న అమ్మాయికి, భర్తను వదిలితే వీసా పోతుందన్న బెదిరింపు పూర్తిగా నిజం కాదు. గృహహింసకు గురైనవాళ్లకు చట్టంలో ప్రత్యేక దారి ఉంది.

శిక్ష ఎలా తేలుస్తారు

మెజిస్ట్రేట్ దగ్గర రేటు పట్టిక ఉండదు. చట్టం గరిష్ఠ శిక్ష మాత్రం చెప్తుంది. ఆ లోపల నేరం ఎంత తీవ్రం, బాధితులకు ఏం జరిగింది, ముద్దాయి ఎవరు, పాత కేసులున్నాయా, పశ్చాత్తాపం నిజమేనా, మళ్లీ చేసే అవకాశం ఎంత, ఇవన్నీ కలిపి తూచి ఒక్క నిర్ణయం చెప్తారు, కారణాలు కోర్టులోనే పైకి చెప్తారు. మనిషి బతికొచ్చిన తీరును కూడా చూడాలని హైకోర్టు 2013లో బగ్మీ కేసులో గట్టిగా చెప్పింది. ఆ కేసు ఒక ఆదివాసీ మనిషిది. జనాభాలో నూటికి నలుగురు కూడా లేని ఆదివాసీలు జైళ్లలో మూడో వంతుకు పైగా ఉండటం ఆ దేశ న్యాయవ్యవస్థ మీద ఉన్న అతి పెద్ద ప్రశ్న. కోర్టుల్లో పద్ధతి ప్రకారం న్యాయం ఉంది, ఆ న్యాయం చివరికి అందరికీ సమానంగా అందడం లేదు. రెండూ నిజమే.

న్యూ సౌత్ వేల్స్‌లో మెట్లు ఇలా ఉంటాయి. అన్నిటికన్నా కింద సెక్షన్ 10: నేరం రుజువైనా కన్విక్షన్ (దోషి అన్న రికార్డు) రాయకుండా వదిలేయడం. మంచి నడవడి షరతుతో విడుదల 2 ఏళ్ల దాకా. జరిమానా. షరతులతో బయటే ఉండే కమ్యూనిటీ కరెక్షన్ ఆర్డర్ 3 ఏళ్ల దాకా. తర్వాత ఐసీఓ (ఇంటెన్సివ్ కరెక్షన్ ఆర్డర్): బయటే ఉన్నా లెక్కకు అది జైలు శిక్షే. ఆఖరుది జైలు, ఇంకే శిక్షా సరిపోదనుకుంటేనే. సస్పెండెడ్ శిక్షలు (జైలు శిక్ష వేసి అమలు ఆపి ఉంచడం) అక్కడ 2018లో పోయాయి. విక్టోరియాలో మొదటి తప్పుకు డైవర్షన్ అనే దారి ఉంది. బాధ్యత ఒప్పుకుని, చెప్పిన షరతులు పూర్తి చేస్తే కన్విక్షన్ ఉండదు. దానికి ప్రాసిక్యూషన్ ఒప్పుకోవాలి, అందుకని గిల్టీనో కాదో కోర్టులో చెప్పకముందే లాయర్‌తో అడిగించాలి. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లను చికిత్సకు పంపి కేసు ముగించే సెక్షన్ 14 కూడా లోకల్ కోర్టులో ఉంది. పిల్లవాడు ఇక్కడ ఎప్పుడైనా డాక్టరు దగ్గర చూపించుకుని ఉంటే ఆ చీటీలు పరువు కోసం దాచొద్దు.

తాగి బండి నడపడం గురించి ఒక మాట. ఇక్కడ డ్రంక్ అండ్ డ్రైవ్ అంటే కౌన్సెలింగ్, జరిమానా అన్నంత తేలికగా చూస్తున్నారు. అక్కడ ఎల్, పీ ప్లేటు వాళ్లకు (నేర్చుకునేవాళ్లు, తాత్కాలిక లైసెన్సువాళ్లు) రక్తంలో మద్యం పరిమితి సున్నా, పూర్తి లైసెన్సుకు 0.05. న్యూ సౌత్ వేల్స్‌లో 0.08 చేరితే కోర్టు కేసు (మిడ్ రేంజ్ అంటారు), మొదటిసారైనా 9 నెలల దాకా జైలు పడే వీలున్న నేరం. శిక్ష తేదీకి ముందే ట్రాఫిక్ అఫెండర్ ప్రోగ్రాం పూర్తి చేసి సర్టిఫికెట్ పెట్టడం లాయర్లు చేయించే మొదటి పని.

వరంగల్ నుంచి పంపగలిగిన బలమైన కాగితం

అది నడవడి ఉత్తరం. ఇక్కడి నుంచి వచ్చేవాటిలో చాలా ఉత్తరాలు ఇలా ఉంటాయి: "ఈ అబ్బాయి బంగారం లాంటివాడు. చీమకు కూడా హాని చేయడు. ఎవరో కావాలని ఇరికించారు. దయచేసి కేసు కొట్టేయండి." ఒప్పుకున్న కేసులో ఈ ఉత్తరం పెడితే పశ్చాత్తాపం మాటే అబద్ధమైపోతుంది. రాసిన మనిషికి కేసేంటో తెలియదని అర్థమై, మెజిస్ట్రేట్ పక్కన పెట్టేస్తారు.

పనికొచ్చే ఉత్తరం ఇలా నడుస్తుంది: "గౌరవనీయ మెజిస్ట్రేట్ గారికి. నేను కాజీపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ను. ఈ విద్యార్థి నాకు ఏడేళ్లుగా తెలుసు, రెండేళ్లు నా క్లాసులో చదివాడు. మద్యం తాగి కారు నడిపిన మిడ్ రేంజ్ నేరం ఒప్పుకున్నాడని నాకు తెలుసు. తనే ఫోన్ చేసి చెప్పాడు. 'ఎవరికైనా తగిలి ఉంటే ఏమయ్యేది సార్' అని అన్నాడు. కాలేజీలో ఉన్నప్పుడు తండ్రి ఆటో ప్రమాదంలో కాలు విరిగితే చదువు ఆపకుండా పొద్దున పాలు పోసేవాడు. ఈ పని అతను నాకు తెలిసిన తీరుకు విరుద్ధం."

ఇందులో చూడండి: కోర్టు పేరు మీద ఉంది, ఎవరు రాశారో ఉంది, ఎంతకాలంగా తెలుసో ఉంది, నేరం తెలుసన్న మాట ఉంది, కళ్లతో చూసిన సంగతి ఒకటి ఉంది. ఏ శిక్ష వేయాలో చెప్పలేదు. బాధితులను ఒక్క మాట అనలేదు. లెటర్‌హెడ్ మీద, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఒక్కొక్కరు తమ మాటల్లో రాయాలి. ఒకే నమూనాలో పది వచ్చాయంటే పదీ వృథా. మూడు నాలుగు చాలు. తెలుగులో రాస్తే నాటి గుర్తింపున్న అనువాదకుడితో తర్జుమా చేయించి రెండూ జత చేయాలి. సర్పంచ్, కార్పొరేటర్ కంటే పని ఇచ్చిన యజమాని, పాఠం చెప్పిన టీచరు మాట ఎక్కువ పనిచేస్తుంది.

వీసా లెక్క వేరే

క్రిమినల్ కోర్టు చిన్న శిక్షతో వదిలినా ఇమిగ్రేషన్ శాఖ వేరే చట్టంతో చూస్తుంది. స్టూడెంట్, 485 (చదువయ్యాక ఇచ్చేది) లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు ఏ కన్విక్షనైనా, జరిమానాతో పోయిందైనా, వీసా రద్దుకు కారణం కాగలదు. తప్పనిసరిగా రద్దు చేస్తారని కాదు, నోటీసిచ్చి జవాబు అడుగుతారు. అందులోని గడువు చాలా తక్కువ. 'E' రకం బ్రిడ్జింగ్ వీసా (అసలు వీసా లేనివాళ్లకు తాత్కాలికంగా ఇచ్చేది) మీద ఉంటే చార్జ్ పడటమే చాలు.

పీఆర్ ఉన్నా వలస చట్టంలో సెక్షన్ 501 ఉంది. 12 నెలలు లేదా అంతకు మించి జైలు శిక్ష పడితే నడవడి పరీక్ష తప్పినట్టే. లెక్కపెట్టేది లోపల గడిపిన కాలం కాదు, చెప్పిన మొత్తం శిక్ష. రెండు నేరాలకు చెరి 6 నెలలు ఒకేసారి అనుభవించమన్నా వీసా చట్టం ఆరూ ఆరూ పన్నెండుగా కూడుతుంది. ఈ కూడిక క్రిమినల్ లాయర్‌కు గుర్తుండకపోవచ్చు, మీరు గుర్తుచేయండి. ఇలా కూడితే వచ్చింది కాక, 12 నెలలు లేదా అంతకు మించి ఒకే శిక్ష పడి, బయట కాకుండా జైల్లోనే దాన్ని అనుభవిస్తున్నవాళ్ల వీసా తప్పనిసరిగా రద్దవుతుంది. తిరిగి ఇమ్మని అడగడానికి 28 రోజులే. దేశం వదలాల్సి రావడం శిక్ష తగ్గించడానికి కారణమా అంటే, విక్టోరియా అప్పీలు కోర్టు 2010లో గూడెన్ కేసులో లెక్కలోకి తీసుకోవచ్చంది. న్యూ సౌత్ వేల్స్ కోర్టులు చాలాకాలంగా కాదనే దారిలో నడిచాయి.

తర్వాతి వీసా ఫారంలో పాత కేసు దాచొద్దు. రికార్డులోంచి తీసేసిన శిక్షను కూడా అడుగుతారు. అబద్ధం బయటపడితే 3 ఏళ్ల నిషేధం వచ్చే వీలుంది. సెక్షన్ 10తో ముగిసిన కేసుకు ఏ ప్రశ్నకు ఏ జవాబు రాయాలో ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే రాయాలి.

అప్పీలు

లోకల్ కోర్టు శిక్ష ఎక్కువనిపిస్తే డిస్ట్రిక్ట్ కోర్టుకు 28 రోజుల్లో వెళ్లాలి. ఆలస్యమైతే 3 నెలల దాకా అనుమతి అడగొచ్చు, ఆ తర్వాత తలుపు మూసినట్టే. విక్టోరియాలో కూడా కౌంటీ కోర్టుకు 28 రోజులే. శిక్ష పెంచే ఉద్దేశం ఉంటే న్యూ సౌత్ వేల్స్ జడ్జి ముందుగా హెచ్చరిస్తారు, అప్పుడు అప్పీలు వెనక్కి తీసుకునే అవకాశం దొరుకుతుంది. తీర్పు చెప్పిన రోజే క్యాలెండర్‌లో గడువుకు వారం ముందు, అంటే 21వ రోజు మీద గుర్తు పెట్టండి, లాయర్ నుంచి కేసు మొత్తం ఫైలు అప్పుడే అడిగి తీసుకోండి. ఫ్యాక్ట్స్ షీట్, ఆర్డరు కాపీ, ఉత్తరాలు, అన్నీ. అప్పీలుకు కావాలి, వీసా నోటీసుకు జవాబివ్వడానికి కావాలి, పదేళ్ల తర్వాత పౌరసత్వం ఫారం నింపేటప్పుడూ కావాలి.